రోహిణి కార్తెలో గేమింగ్: మీ ప్రాసెసర్‌కి ఎంత వోల్టేజ్ చాలు?

(ఒంగోలులో ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనకాల ఉన్నవాళ్ళకి వినపడుతోందా? సరే, మొదలుపెడదాం.

మన ఒంగోలు, నెల్లూరు ఎండల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దవాళ్ళు అంటారు. అలాంటి మధ్యాహ్నం డాబా మీద గదిలో, ఏసీ లేకుండా, సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చుని మీరు గేమ్ ఓపెన్ చేస్తారు. మొదటి పది నిమిషాలు బ్రహ్మాండంగా నడుస్తుంది, ఆ తర్వాత ఫ్యాన్లు గోల పెడతాయి, కీబోర్డు మీద వేలు పెట్టలేరు, ఎదురుగా శత్రువు వచ్చిన సరిగ్గా ఆ క్షణంలోనే స్క్రీన్ తడబడుతుంది. నా దగ్గరికి రిపేరుకి వచ్చే పిల్లల్లో చాలామంది చెప్పేది ఇదే. "అన్నా, ల్యాప్‌టాప్ పాడైందా, మార్చేయాలా?" అని అడుగుతారు. ఇంట్లోవాళ్ళు ఈఎంఐ కట్టి కొనిచ్చిన మిషన్ అది, ఇంకా వాయిదాలు కూడా తీరి ఉండవు. చాలాసార్లు అది పాడవదు. వేడి తట్టుకోలేక తన వేగం తనే తగ్గించుకుంటుంది, అంతే.

ఇది ఎందుకు జరుగుతుందో ముందు చూద్దాం. ప్రాసెసర్ అంటే ల్యాప్‌టాప్‌లో లెక్కలన్నీ చేసే చిప్, ఇంటెల్, ఏఎండీ దాన్ని తయారుచేసే కంపెనీలు. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకి 100 డిగ్రీలు హద్దు, ఏఎండీలో కొన్నిటికి 95. ఆ హద్దు దగ్గరికి రాగానే చిప్ తనంతట తనే క్లాక్ స్పీడు, అంటే తను పనిచేసే వేగం, తగ్గించేస్తుంది. దాన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. ఇప్పుడు లెక్క చూడండి. అదే గేము, అదే ఫ్యాన్ స్పీడు అనుకుంటే, చిప్ ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రతతో పాటు దాదాపు అంతే మేర పెరుగుతుంది. 25 డిగ్రీల ఏసీ గదిలో 85 దగ్గర ఆగే చిప్, 38 డిగ్రీల గదిలో 98కి పోతుంది. యూట్యూబ్‌లో రివ్యూ చేసినాయన చల్లటి గదిలో కూర్చుని 85 చూపించి బాగుంది అన్నాడు, ఆయన అబద్ధం చెప్పలేదు, కానీ ఆయన గది మన గది కాదు. ఆ 13 డిగ్రీలు మనం ఎక్కడో ఒకచోట సంపాదించుకోవాలి.

సంపాదించే దారుల్లో అండర్‌వోల్టింగ్ ఒకటి. ప్రాసెసర్‌కి అందే వోల్టేజ్‌ని కొద్దిగా తగ్గించడం. స్పీడు తగ్గించం, వోల్టేజ్ మాత్రమే తగ్గిస్తాం. ఈ తేడా మనసులో పెట్టుకోండి, ఎందుకంటే చాలామంది రెండూ ఒకటే అనుకుని గేమ్ స్లో అవుతుందేమో అని దాని జోలికే పోరు.

వోల్టేజ్ తగ్గితే వేడి ఎందుకు తగ్గుతుంది? చిప్‌లో ట్రాన్సిస్టర్లు, అంటే అతి చిన్న స్విచ్చులు, ఆన్ ఆఫ్ అవుతున్నప్పుడు ఖర్చయ్యే పవర్ క్లాక్ స్పీడుకి అనుపాతంలో ఉంటుంది, వోల్టేజ్ విషయంలో మాత్రం దాని వర్గానికి అనుపాతంలో ఉంటుంది. అంటే వోల్టేజ్ కొంచెం తగ్గినా పవర్ బాగా తగ్గుతుంది. 1.10 వోల్టుల దగ్గర 45 వాట్లు లాగుతున్న చిప్‌ని అదే స్పీడులో 1.00 వోల్టుకి దింపామనుకోండి, లెక్క ప్రకారం సుమారు 37 వాట్లకి వస్తుంది. వోల్టేజ్ తగ్గింది తొమ్మిది శాతమే, పవర్ తగ్గింది పదిహేడు శాతం. ట్రాన్సిస్టర్లు ఊరికే ఉన్నప్పుడు లీకయ్యే కరెంటు కూడా వోల్టేజ్‌తో, వేడితో పాటే తగ్గుతుంది, అది ఇంకాస్త లాభం. ఈ సూత్రం కొత్తదేం కాదు. 1978లో వచ్చిన ఇంటెల్ 8086 ఐదు వోల్టుల మీద నడిచేది, ఇప్పటి చిప్‌లు ఒక వోల్టు అటూ ఇటూగా నడుస్తున్నాయి. ఇన్నేళ్ళుగా కంపెనీలు చేస్తూ వచ్చిన పనినే మనం చివర్లో ఇంకొంచెం చేస్తున్నాం.

మరి కంపెనీయే ఆ పని పూర్తిగా ఎందుకు చేసి ఇవ్వదు? ఒకే మోడల్ అయినా ఏ రెండు చిప్‌లూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకటి తక్కువ వోల్టేజ్‌తో ఆ స్పీడు అందుకుంటుంది, ఇంకోదానికి ఎక్కువ కావాలి. వాళ్ళు లక్షల్లో చిప్‌లు అమ్మాలి. అందులో బలహీనమైన చిప్ కూడా, వేడి ఎక్కినప్పుడు, కొన్నేళ్ళు వాడి పాతబడ్డాక, ఒక్కసారిగా లోడు పడి వోల్టేజ్ క్షణకాలం జారినప్పుడు కూడా తప్పు చేయకూడదు. అందుకని అన్నిటికీ కొంత మార్జిన్ కలిపి ఇస్తారు. మీ చిప్ మంచిదైతే ఆ మార్జిన్‌లో చాలా భాగం ఉత్త వేడి కింద పోతున్నట్టే. అది ఎంతో కంపెనీ చెప్పదు, నేను చెప్పలేను, మీ ఫ్రెండ్ కూడా చెప్పలేడు. మీ చిప్‌ని అడిగి మీరే కనుక్కోవాలి. ఇవాళ నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే.

(సభలోంచి ఒకరు: అన్నా, మా ఊళ్ళో లో వోల్టేజ్ వస్తే బోరు మోటార్లు కాలిపోతాయి. మరి చిప్ కాలిపోదా?)

మంచి ప్రశ్న తమ్ముడూ. ఏ ఊరు మీది? కనిగిరి పక్కనా, సరే. పొలం ఉన్న ఇంట్లోంచి వచ్చినవాళ్ళందరికీ ఈ భయం ఉంటుంది, ఉండటం న్యాయమే కూడా. మోటారు ఎందుకు కాలుతుంది? బోరులో నీళ్ళ బరువు మారదు, అది లాగాల్సిన పని లాగాల్సిందే. వోల్టేజ్ తగ్గేసరికి అదే పని కోసం ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ కరెంటుకి వైండింగ్ వేడెక్కి ఇన్సులేషన్ మాడిపోతుంది. చిప్‌లో జరిగేది దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అక్కడ ట్రాన్సిస్టర్ అనేది ఒక స్విచ్చు. అది మారిన ప్రతిసారీ చిన్న కెపాసిటర్ లాంటిది ఒకటి నిండాలి, ఖాళీ కావాలి. వోల్టేజ్ తగ్గితే నింపాల్సిన ఛార్జ్ తగ్గుతుంది, కరెంటూ తగ్గుతుంది. ఇంకా ఇంకా తగ్గిస్తూ పోతే స్విచ్చు మారడం ఆలస్యమవుతుంది, తర్వాతి క్లాక్ వచ్చేలోపు జవాబు చేరదు, లెక్క తప్పుతుంది. లెక్క తప్పితే గేమ్ క్రాష్ అవుతుంది, లేదా బ్లూ స్క్రీన్ వస్తుంది, లేదా మిషన్ బిగుసుకుపోతుంది. కాలిపోవడం మాత్రం ఉండదు. అసలు చిప్‌కి హాని ఎక్కువ వోల్టేజ్‌తోనే. 2024లో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు క్రాష్ అవుతున్నాయని పెద్ద గొడవ జరిగింది గుర్తుందా, అక్కడ కారణం చిప్ అవసరానికి మించి వోల్టేజ్ అడగడమే అని కంపెనీ ఒప్పుకుని మైక్రోకోడ్, అంటే చిప్ లోపలి ప్రోగ్రాం, మార్చింది, వారంటీ కూడా రెండేళ్ళు పొడిగించింది.

అయితే లెక్క తప్పడం అంటే తేలిగ్గా తీసుకోకండి. ఫైల్ సేవ్ అవుతున్న సమయంలో తప్పితే ఆ ఫైలు చెడిపోవచ్చు. టెస్ట్ చేసే ముందు ప్రాజెక్టు ఫైళ్ళు, ఫోటోలు వేరే చోట కాపీ చేసి పెట్టుకోండి. ఇది మాత్రం తప్పకుండా చేయండి.

ఇక పని ఎలా చేయాలో చెప్తాను, కానీ అంతకన్నా ముందు ఇంకో పని ఉంది. దుమ్ము. మన వైపు ఈ మాట చెప్పకుండా వేడి గురించి మాట్లాడటం దండగ. చీమకుర్తి వైపు క్వారీల దగ్గర, పాలిషింగ్ యూనిట్ల దగ్గర ఇళ్ళున్నవాళ్ళ ల్యాప్‌టాప్‌లు విప్పితే ఫ్యాన్‌కీ హీట్‌సింక్ రేకులకీ మధ్య సన్నటి బూడిదరంగు పొర అడ్డంగా కూర్చుని ఉంటుంది. కొత్తపట్నం, మైపాడు వైపు సముద్రపు తేమ దానికి తోడైతే ఆ పొర ఊదినా కదలదు. గాలే బయటికి పోకపోతే వోల్టేజ్ ఎంత తగ్గించి ఏం లాభం? ముందు అడుగు మూత విప్పి, ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని, బ్లోయర్‌తో లేదా మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేయండి. వారంటీలో ఉంటే విప్పొచ్చో లేదో కంపెనీ సర్వీస్ వాళ్ళని అడిగి చేయండి. మూడు నాలుగేళ్ళ మిషన్ అయితే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, అది కూడా మార్పించండి. పరుపు మీద పెట్టి ఆడకండి, బల్ల మీద వెనక వైపు కాస్త ఎత్తు పెడితే కింద గాలి ఆడుతుంది. సరే, ఇవి మీకు తెలిసినవే, ముందుకు పోదాం.

శుభ్రం చేశాక కొలవండి. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, ఛార్జర్ పెట్టి, మీరు రోజూ ఆడే గేమ్ అరగంట ఆడండి. ప్రాసెసర్ ఉష్ణోగ్రత, ప్యాకేజ్ పవర్ అని చూపించే వాట్లు, క్లాక్ స్పీడు, థర్మల్ థ్రాట్లింగ్ అన్న చోట ఎస్ అని పడిందా నో అని పడిందా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. గది ఎంత వేడిగా ఉందో కూడా రాయండి, ఎందుకంటే మధ్యాహ్నం కొలిచిన దాన్ని రాత్రి పదకొండింటికి కొలిచిన దానితో పోల్చి అండర్‌వోల్ట్ పనిచేసింది అనుకునేవాళ్ళని నేను చూస్తూనే ఉంటాను.

ఇంటెల్ మిషన్లలో థ్రాటిల్‌స్టాప్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ వాడతారు, ఇంటెల్ వాళ్ళదే ఎక్స్‌టీయూ అని ఇంకోటి ఉంది. ఎక్స్‌టీయూ వాడేటప్పుడు వోల్టేజ్ మారిస్తే వారంటీ పోవచ్చని హెచ్చరిక చూపిస్తుంది, అది చదివి ఒప్పుకున్నాకే ముందుకెళ్ళండి. థ్రాటిల్‌స్టాప్‌లో ఎఫ్ఐవీఆర్ అన్న బటన్ నొక్కితే సీపీయూ కోర్, సీపీయూ క్యాష్ అని రెండు వరసలు కనిపిస్తాయి. సీపీయూ అంటే ప్రాసెసరే, కోర్ అందులో లెక్క చేసే భాగం, క్యాష్ దాని పక్కనే ఉండే చిన్న మెమరీ. 8, 9, 10వ తరం ల్యాప్‌టాప్ చిప్‌లలో ఈ రెంటికీ ఒకే అంకె ఇవ్వాలి. కోర్ ఒక్కటే తగ్గించి క్యాష్ వదిలేస్తే వోల్టేజ్ అసలు తగ్గదు, ఎందుకంటే రెండూ ఒకే సరఫరా మీద ఉంటాయి, అది రెంటిలో ఎక్కువ అడిగినదాని మాట వింటుంది. చాలామంది ఇక్కడే పొరబడి ఇదంతా బూటకం అని వదిలేస్తారు.

మొదట మైనస్ 50 మిల్లీవోల్టులు, అంటే కంపెనీ ఇచ్చినదానికన్నా 50 తక్కువ, పెట్టండి. సినీబెంచ్ లాంటి టెస్టు పది నిమిషాలు నడపండి, తర్వాత గేమ్ ఆడండి. బాగుంటే మైనస్ 60, ఆ తర్వాత 70, అలా పదేసి చొప్పున దిగండి. ఎక్కడో ఒకచోట క్రాష్ అవుతుంది. కంగారు పడకండి, సాఫ్ట్‌వేర్‌తో పెట్టిన అంకె రీస్టార్ట్ చేయగానే పోతుంది, మిషన్ మామూలు వోల్టేజ్‌తోనే లేస్తుంది. అందుకే విండోస్‌తో పాటే ఆ సెట్టింగ్ ఆటోమేటిక్‌గా అమలయ్యేలా ఇప్పుడే పెట్టకండి. క్రాష్ అయిన అంకె నుంచి ఇరవై మిల్లీవోల్టులైనా వెనక్కి రండి, అక్కడ ఆగి కొన్నాళ్ళు మామూలుగా వాడండి.

ఆ కొన్నాళ్ళు ఎందుకంటే, భారీ గేమ్‌లో గంటసేపు నిలబడిన మిషన్ బ్రౌజర్‌లో పాటలు వింటుంటే బ్లూ స్క్రీన్ ఇస్తుంది. వింతగా ఉంటుంది కానీ కారణం ఉంది. తేలిక పనిలో ఒకటో రెండో కోర్లు అన్నిటికన్నా ఎక్కువ టర్బో స్పీడుకి, అంటే కొద్దిసేపు మామూలుకి మించి పరిగెత్తే స్పీడుకి, ఒక్కసారిగా ఎగురుతాయి, వెంటనే పడుకుంటాయి. ఆ స్పీడు దగ్గర మీరిచ్చిన వోల్టేజ్ చాలకపోవచ్చు. అందుకని గేమ్‌తో పాటు మామూలు పనులు, మూత మూసి స్లీప్‌లోకి పంపి మళ్ళీ లేపడం, అన్నీ చూడాలి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వీయా లాగర్ అన్న పేరుతో హార్డ్‌వేర్ ఎర్రర్లు పడుతున్నాయేమో కూడా చూడండి, క్రాష్ కాకముందే అక్కడ గుట్టు బయటపడుతుంది.

ఎంతవరకు దిగొచ్చు అని అడుగుతారు. 8, 9వ తరం ఐ7 చిప్‌లలో మైనస్ 100 నుంచి 150 దాకా వెళ్ళినవి చాలా ఉన్నాయి, 80 దగ్గరే చేతులెత్తేసినవీ ఉన్నాయి. పక్కవాడు 150 పెట్టాడని మీరూ 150 పెట్టొద్దు.

ఇప్పుడు ఒక ముఖ్యమైన విషయం, కొంచెం జాగ్రత్తగా వినండి. అంతా సరిగ్గా చేసి, కొలిచి చూస్తే ఉష్ణోగ్రత తగ్గదు. అదే 95. అప్పుడు చాలా నిరాశ పడతారు. క్లాక్ స్పీడు చూడండి, అది పెరిగి ఉంటుంది. మీ ల్యాప్‌టాప్‌కి 45 వాట్ల పవర్ లిమిట్, అంటే చిప్ అంతకు మించి లాగకుండా హద్దు, ఉందనుకోండి, ముందు ఆ 45 వాట్లలో 3.2 గిగాహెర్ట్జ్ వచ్చేది అనుకుందాం. ఇప్పుడు వోల్టేజ్ తగ్గింది కాబట్టి అదే 45 వాట్లలో 3.6 వస్తుంది. వాట్లు మారలేదు, వేడి మారలేదు, లాభమంతా స్పీడులోకి పోయింది. మీకు స్పీడు కావాలంటే అది చాలు. చల్లదనం కావాలంటే ఇంకో అడుగు వేయాలి, పవర్ లిమిట్‌ని 45 నుంచి 35కి దింపడమో, గేమ్‌లో ఎఫ్‌పీఎస్‌కి, అంటే సెకనుకి తయారయ్యే ఫ్రేములకి, హద్దు పెట్టడమో. నా సలహా రెండోది. వాలొరెంట్ లాంటి గేమ్‌లో హద్దు లేకపోతే ప్రాసెసర్ సెకనుకి రెండు మూడు వందల ఫ్రేములు తయారుచేస్తూ పోతుంది. మీ స్క్రీన్ 144 హెర్ట్జ్, అంటే సెకనుకి 144 సార్లు మారేది, అయితే మిగతావి మీ కంటికి పూర్తిగా చేరనే చేరవు. ఎఫ్‌పీఎస్ 144 దగ్గర కట్టేసి అండర్‌వోల్ట్ కూడా ఉంటే అప్పుడు వాట్లు నిజంగా పడిపోతాయి. ఈ రెండూ కలిపి చేస్తేనే ఎండాకాలంలో తేడా చేతికి తెలుస్తుంది.

ఇంకో లాభం కూడా ఉంది. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ చిప్‌కీ కలిపి ఒకే హీట్ పైపులు ఉంటాయి. ప్రాసెసర్ పది వాట్లు తగ్గిస్తే ఆ వెసులుబాటు గ్రాఫిక్స్ చిప్‌కి దొరుకుతుంది. గ్రాఫిక్స్ చిప్‌ని కూడా అండర్‌వోల్ట్ చేయొచ్చు. ఎన్విడియా అయితే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజ్ గీత వస్తుంది. తక్కువ వోల్టేజ్ ఉన్న ఒక చుక్కని మీ గేమ్‌లో మామూలుగా నడిచే క్లాక్ దాకా ఎత్తి, దాని కుడివైపు గీతని చదును చేయడమే పని. ప్రాసెసర్ లాక్ అయి ఉన్నవాళ్ళకి, అంటే దాని వోల్టేజ్ మార్చే వీలు మూసేసి ఉన్నవాళ్ళకి, ఇదే పెద్ద దిక్కు.

లాక్ అన్నాను కదా, దాని కథ చెప్పాలి. 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే దాడిని బయటపెట్టారు. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం, బెల్జియంలోని కేయూ లూవెన్, ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి చేసిన పని. వోల్టేజ్‌ని సరిగ్గా తగిన క్షణంలో తగ్గిస్తే ప్రాసెసర్ లెక్క తప్పుతుంది కదా, ఆ తప్పుని వాడుకుని ఎస్‌జీఎక్స్ అనే భద్రమైన అరలో దాచిన రహస్య కీలని బయటికి లాగారు. దాంతో ఇంటెల్ బయోస్ (మిషన్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాం) అప్‌డేట్ల ద్వారా ఈ తలుపు మూయించింది. 10వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లు లాక్ అయ్యే వస్తున్నాయి. 12వ తరం తర్వాత మోడల్ పేరు చివర హెచ్ ఉన్న రకం చిప్‌లలో ఎక్కువ భాగం మూసే ఉంటాయి, హెచ్ఎక్స్ రకంలో సాధారణంగా తెరిచి ఉంటాయి. విండోస్‌లో మెమరీ ఇంటెగ్రిటీ అనే సెక్యూరిటీ ఆన్‌లో ఉన్నా అండర్‌వోల్ట్ ఒప్పుకోని మిషన్లు ఉన్నాయి.

(సభలోంచి: అది ఆఫ్ చేసేయొచ్చా అన్నా?)

చెల్లెమ్మా, నీ ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పనులు, నాన్నగారి పాన్, ఆధార్ కాపీలు ఉంటే ఆఫ్ చేయొద్దనే చెప్తాను. పది డిగ్రీల కోసం ఆ రక్షణ వదులుకోవడం నాకు నచ్చదు. కొన్ని గేముల్లో మోసాన్ని పట్టే యాంటీ చీట్ కూడా వోల్టేజ్ మార్చే ఇలాంటి సాఫ్ట్‌వేర్ల డ్రైవర్లని అడ్డుకుంటుంది. పాత బయోస్‌కి వెనక్కి వెళ్ళమని, ఇంకేవో దాచిన సెట్టింగులు మార్చమని వీడియోలు ఉంటాయి. బయోస్ మార్పిడి మధ్యలో కరెంటు పోతే మదర్‌బోర్డు మూలన పడుతుంది, ఒక్క అండర్‌వోల్ట్ కోసం అంత సాహసం వద్దు.

లాక్ ఉన్నవాళ్ళకి వేరే దారి ఉంది. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 ఉంటుంది. దాన్ని 99 చేస్తే ఇంటెల్ చిప్‌లలో టర్బో ఆగిపోతుంది. వేడి ఇరవై డిగ్రీల దాకా పడిపోయిన మిషన్లు చూశాను, కానీ స్పీడు కూడా పోతుంది. గ్రాఫిక్స్ మీద ఎక్కువ ఆధారపడే గేముల్లో ఆ నష్టం అంతగా తెలియదు, ప్రాసెసర్ మీద ఆధారపడే గేముల్లో తెలుస్తుంది. మీ గేమ్‌లో పెట్టి చూసి మీరే తేల్చుకోండి. ఏఎండీ రైజెన్ చిప్ ఉన్నవాళ్ళకి వోల్టేజ్ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ అనే సదుపాయం ఉంది కానీ మన బడ్జెట్ ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో అది చాలావరకు కనిపించదు. రైజెన్‌ఏడీజే లాంటి సాఫ్ట్‌వేర్‌తో పవర్ లిమిట్, ఉష్ణోగ్రత హద్దు తగ్గించుకోవడం చాలా మోడళ్ళలో కుదురుతుంది.

ఇక మాటలు చాలు. ల్యాప్‌టాప్‌లు తెచ్చినవాళ్ళు ఇటు కిటికీ పక్క బల్లల దగ్గరికి రండి. బ్యాటరీ మీద పెడితే పవర్ తక్కువ ఇస్తుంది, కొలతలు తప్పుతాయి, కాబట్టి ఛార్జర్లు పెట్టుకోండి. ముందు లాక్ ఉందో లేదో చూద్దాం. లాక్ లేనివాళ్ళు ఇవాళ ఏమీ మార్చొద్దు, ఉన్నదున్నట్టు గేమ్ నడిపి అంకెలు రాసుకోండి. లాక్ ఉన్నవాళ్ళు నా పక్కన కూర్చోండి, మనం గ్రాఫిక్స్ వైపు నుంచి మొదలుపెడదాం.